అమ్మతో చెప్పాలంటే ముందు మాట దొరకాలి

ముందు ఒక పని చెయ్యి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు, లేదా రాత్రి డాబా మీదకి వెళ్ళి, నీ మనసు నీలాంటి మగవాళ్ళ మీదే (అమ్మాయివైతే అమ్మాయిల మీదే) పోతుందని అమ్మకి చెప్పాలనుకున్న మాటని తెలుగులో, పైకి వినపడేలా ఒక్కసారి అను. మనసులో అనుకోవడం లెక్కలోకి రాదు, వాట్సాప్‌లో టైపు చేసి చెరిపేసేది అసలే రాదు. నోటితో అనాలి. సగంలో గొంతు ఆగిపోతే కంగారు పడకు, నాకూ అక్కడే ఆగింది. (నువ్వు అని పిలుస్తున్నానని ఏమీ అనుకోకు, ఇది చదివేవాళ్ళలో ఎక్కువమంది నాకంటే చిన్నవాళ్ళే అయ్యుంటారని నా లెక్క.)

నాది పర్లాకిమిడి, ఆంధ్ర సరిహద్దుని ఆనుకుని ఉన్న ఒడిశా ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాలేజీకి వచ్చాక ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు అమ్మ నేర్పితే వచ్చాయి, లేకపోతే అవీ ఉండేవి కావు. భువనేశ్వర్‌లో ఉద్యోగంలో చేరిన రెండో నెలలోనే రూమ్మేటుకి ‘నేను గే’ అని ఇంగ్లీషులో చెప్పేశాను, టీ తాగుతూ, పెద్ద కష్టం కూడా అనిపించలేదు. ఒడియాలో చెప్పాల్సి వచ్చినా చెప్పగలిగాను. తెలుగులో మాత్రం ముప్ఫై ఏళ్ళు వచ్చేదాకా ఒక్కసారి కూడా అనలేదు. అన్నాళ్ళూ నాకు ధైర్యం లేదనే అనుకున్నాను. ఒకరోజు డాబా మీద ప్రాక్టీసు చేస్తుంటే అర్థమైంది, అమ్మకి చెప్పడానికి నా దగ్గర వాక్యమే లేదు.

తెలుగు పేపర్లలో వచ్చే మాట తెలుసు కదా, ‘స్వలింగ సంపర్కం’. దయచేసి ఆ మాట ఇంట్లో వాడకు. అందులో ‘సంపర్కం’ అన్న ముక్క వినగానే అమ్మ బుర్ర పడక గదిలోకి వెళ్ళిపోతుంది, ఇంక నువ్వు ఏం చెప్పినా అక్కడి నుంచి బయటికి రాదు. ‘గే’ అంటే చాలామంది అమ్మలకి తెలియదు, తెలిసిన నాన్నలకి టీవీ కామెడీలో చేతులు తిప్పే మనిషి గుర్తొస్తాడు. గిడుగు రామమూర్తి పంతులు గారు మా ఊళ్ళోనే, రాజావారి బడిలో పాఠాలు చెబుతూ, మనుషులు మాట్లాడే తెలుగులోనే రాయాలని పట్టుబట్టారు. ఆయన ఊరివాణ్ణై ఉండి, నా జీవితంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాటని గ్రాంథికంలో చెప్పబోయాను చూడు.

ఇంటి తెలుగులో అయితే ఇలా ఉంటుంది: “అమ్మా, నాకు ఆడపిల్లల మీదకి మనసు పోదు. మగవాళ్ళ మీదకే పోతుంది. చిన్నప్పటి నుంచీ ఇంతే.” అమ్మాయిలైతే: “నాకు మగవాళ్ళని చూస్తే అలాంటి ఇష్టం కలగదమ్మా, చిన్నప్పటి నుంచీ ఎప్పుడూ కలగలేదు. నా మనసు అమ్మాయిల మీదే.” ఈ మూడు ముక్కలూ ఉంటే చాలు, ‘చిన్నప్పటి నుంచీ’ అన్నది మాత్రం వదలకు. ఆ ముక్క లేకపోతే భువనేశ్వర్ వెళ్ళి చెడిపోయాడనో, హైదరాబాద్ హాస్టల్లో ఎవరో నేర్పారనో లెక్క తేల్చేస్తారు. నీ వాక్యం నువ్వే తయారు చేసుకో, మీ ఇంట్లో వాడే మాటలతోనే. పది రోజులు రోజుకోసారి పైకి అను. ఏడుపు రాకుండా చివరిదాకా అనగలిగిన రోజున సగం పని అయిపోయినట్టే.

ఇక మిగతా సగం. ఇదీ చిన్నదేం కాదు.

అసలు ఇప్పుడు చెప్పాలా అన్నది ముందు తేల్చుకో. ఇంటర్నెట్‌లో అందరూ చెప్పెయ్, చెప్పెయ్ అంటారు, వాళ్ళు మీ ఇంట్లో ఉండరు కదా. నువ్వు ఇంకా వాళ్ళ డబ్బుతో చదువుకుంటూ, వాళ్ళ ఇంట్లోనే ఉంటూ, నాన్నకో అన్నకో చెయ్యి లేచే అలవాటు ఉంటే, ఆగు. ఆగితే పిరికివాడివి అయిపోవు. ఉద్యోగమో, కనీసం నెల ఖర్చుకి సరిపడా డబ్బులు వచ్చే పనో దొరికేదాకా ఆగడంలో తప్పు లేదు. అమ్మాయిలకి ఇది ఇంకా ఎక్కువ వర్తిస్తుంది, మన ఇళ్ళల్లో అబ్బాయి చెబితే గొడవ, అమ్మాయి చెబితే ఫోన్ లాక్కుని నెలలోపు పెళ్ళి. ఇది నేను ఊహించి రాస్తున్నది కాదు, బరంపురంలో నాకు తెలిసిన ఒకమ్మాయికి సరిగ్గా ఇదే జరిగింది, ఆ పెళ్ళి ఆగింది కానీ అది వేరే కథ.

చెప్పాలని నిర్ణయించుకుంటే, చెప్పే ముందు వారం ఈ పనులు చూసుకో. ఆధార్, పాన్, మార్కుల లిస్టులు, బ్యాంకు పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు, ఇవన్నీ నీ దగ్గరే, ఇంటి బీరువాలో కాకుండా. ఫోన్ సిమ్ నాన్న పేరు మీద ఉంటే నీ పేరు మీద ఇంకొకటి తీసుకో. బ్యాంకు ఓటీపీలు ఎవరి నంబరుకి వస్తున్నాయో చూడు, ఇది చాలామంది మర్చిపోతారు. ఆ రాత్రి ఇంట్లో ఉండలేకపోతే ఎక్కడికి వెళ్తావో ముందే మాట్లాడి పెట్టుకో, బరంపురంలోనో విశాఖలోనో ఒక స్నేహితుడి గది, ‘అర్ధరాత్రయినా రా’ అన్నవాడిది. నా విషయంలో ఇవేవీ అవసరం పడలేదు. కానీ బ్యాగులో ఉన్నాయని తెలియడం వల్లే ఆ రోజు నా గొంతు వణకలేదేమో అనిపిస్తుంది.

ఎప్పుడు చెప్పాలి? పెళ్ళిచూపులకి ముందు. ఇందులో నేను మొహమాట పడను. సంబంధాలు చూడటం మొదలైందని తెలిసిన రోజు నుంచి నీ గడియారం తిరుగుతున్నట్టే. తాంబూలాలు పుచ్చుకున్నాక చెబితే అవతల ఒక అమ్మాయి, ఆమె అమ్మానాన్న, వాళ్ళ అప్పులు, వాళ్ళ పరువు, అన్నీ నీ మాట కింద పడతాయి. పెళ్ళి చేసుకుని ఆమెకి చెప్పకుండా బతికేద్దాం అనుకునేవాళ్ళున్నారు, వాళ్ళతో నాకు స్నేహం లేదు.

మనకి ఇంకో చిక్కుంది, మేనరికం. నా ఒడియా స్నేహితుడికి మామయ్య కూతుర్ని ఇచ్చి చేద్దామనుకుంటున్నారని చెబితే, ‘చెల్లెల్నా!’ అని నోరు తెరిచాడు, వాళ్ళలో అది ఊహకి కూడా అందదు. మనకేమో ఆ పిల్ల పుట్టిన రోజునే ఎవరో ఒకరు సరదాకి ‘నీ పెళ్ళాం పుట్టిందిరా’ అంటారు, ఆ సరదా ముప్ఫై ఏళ్ళు నడుస్తుంది. అందుకే, అమ్మానాన్న తర్వాత ఇంట్లో నీకు బాగా దగ్గర మేనమామే అయినా, ముందు ఆయనకి చెప్పకు. ఆయనకి చెప్పడమంటే వియ్యంకుడి దగ్గరికి వెళ్ళి సంబంధం కాదనడమే. ఆయన గాయపడతాడు, ఆ గాయం అమ్మకి పుట్టింటి గొడవగా వచ్చి తగులుతుంది, నీ సంగతి ఆ గొడవలో కొట్టుకుపోతుంది.

పండగల్లో చెప్పకు. బరంపురం వాళ్ళైతే ఠాకురాణి యాత్ర రోజుల్లో అస్సలు వద్దు, రెండేళ్ళకోసారి వచ్చే యాత్ర, ఇంటినిండా చుట్టాలు ఉంటారు, అమ్మకి ఏడవడానికి కూడా ఒక మూల దొరకదు. మామూలు రోజు, మధ్యాహ్నం భోజనాలయ్యాక, కనీసం రెండు రోజులు నువ్వు ఇంట్లోనే ఉండేలా చూసుకుని చెప్పు. చెప్పేసి సాయంత్రం బస్సు ఎక్కేస్తే వాళ్ళు ప్రశ్నలు గోడకి వేసుకోవాలి. (దెబ్బలు తినే ప్రమాదం ఉన్న ఇల్లయితే దీనికి తిరగేసి చెయ్యి: ముందు దూరంగా వెళ్ళిపో, తర్వాత ఫోన్లో చెప్పు. ఫోన్లో చెప్పడం తక్కువ ధైర్యమేం కాదు.)

ఎవరికి ముందు? మన ఇళ్ళల్లో ఏ కబురైనా నాన్న దగ్గరికి అమ్మ మీదుగానే వెళ్తుంది, పరీక్ష తప్పిన కబురు దగ్గర్నుంచీ. ఈ దారిని ఇప్పుడు మార్చాలని చూడకు. అక్కో చెల్లో ఉంటే అమ్మకంటే ముందు వాళ్ళకి చెప్పడం మంచిది, చెప్పిన రోజు రాత్రి అమ్మ పక్కన ఎవరో ఒకరు పడుకోవాలి కదా. అయితే చెల్లికి పెళ్ళి కాలేదనుకో, ‘దాని పెళ్ళయ్యేదాకా నోరు మూసుకో’ అనే మాట తప్పకుండా వస్తుంది. అందులో న్యాయం లేకపోయినా భయం నిజమే. నేను చెల్లి పెళ్ళయ్యాకే చెప్పాను. అది సరైన పనేనా అంటే ఇప్పటికీ తేల్చుకోలేదు, ఎందుకంటే తర్వాత చెల్లే అడిగింది, ‘నా కోసం ఆగానంటావేంటి, నన్ను అడిగావా?’ అని.

చెప్పే ముందు కొంచెం నీళ్ళ లోతు చూడొచ్చు. 2019 మే నెలలో పరుగుల రాణి ద్యుతీ చంద్, జాజ్‌పూర్ జిల్లాలో నేతపని కుటుంబంలో పుట్టిన అమ్మాయి, తాను ఇంకో అమ్మాయిని ప్రేమిస్తున్నానని బయటికి చెప్పింది. ఒడియా ఛానళ్ళన్నీ అదే వార్త. అప్పుడు నేను ఇంట్లోనే ఉన్నాను, అమ్మ ఏమంటుందో అని గుండె చేతిలో పట్టుకుని కూర్చున్నాను. తిట్టలేదు. “ఆ తల్లి ఎలా ఉందో పాపం” అంది. అంతే, మళ్ళీ చిక్కుడుకాయలు తుంచుకుంది. నాకు మొదట కోపం వచ్చింది, జాలి ఆ అమ్మాయి మీద కదా ఉండాలి. తర్వాత ఆలోచిస్తే అదే నాకు పనికొచ్చింది. మా అమ్మకి పాపం పుణ్యం భయం లేదు, ఊళ్ళో తలెత్తుకోవడం గురించే భయం, కాబట్టి నేను సిద్ధం చేసుకోవాల్సింది దానికి జవాబు. మీ అమ్మ భయం వేరే అయ్యుండొచ్చు. ఏదో ఒక వార్త పట్టుకుని, పక్కింటివాళ్ళ సంగతిలా మాట్లాడి, ఆ భయమేంటో ముందు తెలుసుకో.

ఇక చెప్పే రోజు. ‘మీకొక విషయం చెప్పాలి, కోప్పడకూడదు, ముందు ప్రామిస్ చెయ్యండి’ అంటూ మొదలుపెట్టకు. నేను అలాగే మొదలుపెట్టి దెబ్బ తిన్నాను. ఆ రెండు నిమిషాల్లో అమ్మ నాకు క్యాన్సర్ అనుకుంది, అప్పుల్లో పడ్డాననుకుంది, చివరికి ఆమే ఒక నిర్ణయానికి వచ్చేసి, “ఏటిరా, ఒడియా పిల్లా?” అంది.

కాదన్నాను.

“ఒడియా పిల్లయినా పరవాలేదురా. నాన్నకి నే చెప్తాను.”

కాదమ్మా అన్నాను. అమ్మ ఇంకో మెట్టు దిగింది. “పోనీ ఏ కులమైనా సరే. పిల్ల మంచిదైతే చాలు.” ఒక్కో మెట్టూ దిగుతూ, జీవితమంతా పట్టుకున్నవన్నీ ఒక్కొక్కటీ నా కోసం వదిలేస్తూ వస్తోంది, నేను చెప్పబోయేది ఆ మెట్లన్నీ అయిపోయాక, కింద, నేల కూడా లేనిచోట ఉందని ఆమెకి తెలియదు. అప్పుడు చెప్పాను, డాబా మీద ప్రాక్టీసు చేసిన వాక్యం. అందుకే చెబుతున్నా, మొదటి రెండు ముక్కల్లోనే విషయం చెప్పెయ్. అమ్మ చేత ఆ మెట్లు దిగించకు.

చెప్పాక నోరు మూసుకో. ఇది చాలా కష్టం, మనం నెలల తరబడి చదువుకున్నవన్నీ కక్కేయాలనిపిస్తుంది. వాళ్ళు అడిగినదానికే జవాబు చెప్పు. ప్రశ్నలు మాత్రం ఎక్కడైనా దాదాపు ఒక్కటే.

“మా పెంపకంలో లోపమా?” కాదు అను, గట్టిగా, వెంటనే. చెల్లినీ నువ్వే పెంచావు కదా అను.

“డాక్టరుకి చూపిద్దాం.” ఇక్కడ మెత్తబడకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17నే దీన్ని జబ్బుల జాబితా నుంచి తీసేసింది, ఇది మానసిక రోగం కాదని మన దేశంలో సైకియాట్రిస్టుల సంఘం కూడా 2018లో చెప్పింది. మద్రాసు హైకోర్టు 2021లో ఇలాంటి ‘మార్చే’ వైద్యాల మీద నిషేధం విధించమంటే, జాతీయ వైద్య కమిషన్ 2022లో, అలా మారుస్తామనే డాక్టరు చేసేది వృత్తి నియమాలు తప్పడమే అని రాష్ట్రాల కౌన్సిళ్ళకి రాసింది. ఇదంతా అమ్మకి అప్పజెప్పక్కర్లేదు, ‘మారుస్తానన్న డాక్టరు లైసెన్సుకే ముప్పు’ అంటే నాన్నలకి బాగా ఎక్కుతుంది. ఇంత తెలిసీ, అమ్మ ఏడుపు చూడలేక నేను ఒకసారి వెళ్ళాను, ఒక పట్నంలో ఒక డాక్టరు దగ్గరికి. పది నిమిషాలు మాట్లాడి, నిద్ర మాత్రలు రాసి, పెళ్ళి చేసెయ్యండి సర్దుకుంటుంది అన్నాడు. ఫీజు కట్టింది నేనే. అమ్మ మాత్రం నమ్మకం వదలక, ఇంటికొచ్చాక ఉప్పూ ఎండు మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. దిష్టి తీయించుకో, దానికేం నష్టం లేదు, మాత్రలు మాత్రం మింగకు.

“పోలీసులు పట్టుకుపోతారా?” లేదు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు 377 సెక్షన్ విషయంలో తీర్పు చెప్పాక ఇష్టపడిన ఇద్దరు పెద్దవాళ్ళ మధ్య ఇది నేరం కాదు. పెళ్ళి సంగతి అడిగితే అబద్ధం చెప్పకు: 2023 అక్టోబరు 17 తీర్పులో పెళ్ళి హక్కు ఇవ్వలేదు. ఒక్క దాంట్లో అబద్ధమాడి దొరికావంటే మిగతా నిజాలన్నీ పోతాయి.

“ముసలితనంలో నిన్నెవరు చూస్తారు?” దీనికి నా దగ్గర జవాబు లేదు, అమ్మకీ అదే చెప్పాను. పెళ్ళయి పిల్లలు అమెరికాలో ఉన్న మా వీధి తాతగారిని ఎవరు చూస్తున్నారు అని వాదించబోయి ఆగాను. ఆ ప్రశ్న వాదన కోసం అడిగింది కాదు.

ఇంకోటి. “అంటే రైల్లో చప్పట్లు కొట్టేవాళ్ళలాగా అయిపోతావా?” పలాస, బరంపురం మధ్య రైలెక్కిన ప్రతి అమ్మకీ తెలిసిన మనుషులు వాళ్ళే. నేను అప్పుడు కంగారులో ‘ఛ, నేను వాళ్ళలాంటివాణ్ణి కాదు’ అన్నాను. ఆ ‘ఛ’ ఇప్పటికీ నన్ను పొడుస్తుంది. ఇల్లు తరిమేస్తేనే కదా చాలామంది ఆ రైల్లోకి వచ్చింది. వాళ్ళది వేరు, నాది వేరు, ఇద్దరం మనుషులమే అని చెబితే సరిపోయేది. నువ్వు ట్రాన్స్ అయితే నీ వాక్యం ఎలా ఉండాలో నాకంటే నీకే తెలుసు. ‘మగపిల్లాడిలా పెంచారు కానీ నేను లోపల ఎప్పుడూ ఆడపిల్లనే’ లాంటిది కావచ్చు. ‘ఉద్యోగం ఎవరిస్తారు’ అంటే ఐశ్వర్య ఋతుపర్ణ ప్రధాన్ పేరు చెప్పు, ఒడిశా ఆర్థిక సర్వీసులో అధికారి, ట్రాన్స్ మనుషుల్ని చట్టం గుర్తించాలన్న 2014 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత తన గుర్తింపు మార్చుకున్న మనిషి.

పరిస్థితి చెడితే ఇవి గుర్తుంచుకో. కొడుతున్నా, గదిలో పెట్టి తాళం వేసినా 112కి ఫోన్ చెయ్యి. పద్దెనిమిది నిండిన మనిషిని ఇంట్లో బంధించే హక్కు అమ్మానాన్నలకి లేదు. 2020 ఆగస్టులో ఒడిశా హైకోర్టే ఒక ట్రాన్స్ యువకుడికి తన తోడుతో కలిసి ఉండే హక్కుందని చెప్పింది. ఉచిత న్యాయ సహాయానికి 15100. సరిహద్దులో మనకి ఒక టెన్షన్ ఉంటుంది, పర్లాకిమిడిలో జరిగితే ఆంధ్ర వైపు పాతపట్నం స్టేషన్లో ఫిర్యాదు తీసుకుంటారా అని. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు రాసుకోవాలి, దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు, 2024 జులై 1న అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో అది స్పష్టంగా ఉంది. ‘అది ఒడిశా, మాకు కుదరదు’ అంటే ఈ మాట చెప్పు. చచ్చిపోవాలనిపిస్తే, అర్ధరాత్రయినా, 14416కి ఫోన్ చెయ్యి. టెలి మానస్ అంటారు, ప్రభుత్వానిదే, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు, డబ్బులు అడగరు.

చెప్పాక వచ్చే నెలలు చెప్పిన రోజు కంటే కష్టం, ఇది ఎవరూ ముందు చెప్పరు. మా అమ్మ మూడు వారాలు మామూలుగా మాట్లాడింది, నేను సంబరపడ్డాను, తర్వాత ఒకరోజు మళ్ళీ మొదటి నుంచీ ఏడ్చింది. నాన్నకి అమ్మ చెప్పింది. ఎప్పుడు, ఏమని చెప్పిందో నాకు తెలియదు. నాలుగు నెలలు నాన్న నాతో గ్యాస్ బుకింగ్ గురించీ కరెంటు బిల్లు గురించీ తప్ప ఇంకేం మాట్లాడలేదు. నువ్వు ఏళ్ళ తరబడి దీన్ని మోశావు, వాళ్ళకి నిన్ననే ఇచ్చావు, ఈ లెక్క మర్చిపోకు. ఇంటికి వెళ్ళడం మానకు. రానివ్వకపోతే సరే, రానిస్తే మాత్రం నెలకోసారి వెళ్ళి, తిని, మామూలుగా కూర్చుని రా. ప్రతిసారీ ఆ విషయం ఎత్తక్కర్లేదు. నేను నాన్నతో మోటారు రిపేరు చేయించాను, రెండుసార్లు.

పోయిన శీతాకాలం ఇంటికెళ్ళినప్పుడు, ఉదయం నేను లోపల పళ్ళు తోముకుంటుంటే, గేటు దగ్గర పక్కింటి మావుసా (ఒడియాలో బాబాయి లాంటి పిలుపు) నాన్నని అడుగుతున్నాడు, కొడుకు పెళ్ళెప్పుడని, ఒడియాలో. నేను బ్రష్ ఆపేశాను. నాన్న పేపర్ మడతపెట్టిన చప్పుడైంది. “సే బాహా హెబొ నాహి” అన్నాడు, వాడు పెళ్ళి చేసుకోడు అని. మావుసా ఎందుకని అడిగితే ‘తా ఇచ్ఛా’, వాడిష్టం, అనేసి లోపలికొచ్చి, నన్ను చూసి, నీళ్ళు వస్తున్నాయా అని అడిగాడు.

ఆ మాట నాన్న ఇంకా తెలుగులో అనలేదు.